చిన్న రిపేర్లు నేర్పే చోటు విశాఖలో కావాలి

సంపాదకుడు గారికి,

ఇంట్లో ఏదైనా పాడైతే మనమే విప్పి చూసుకోవాలా, డబ్బులిచ్చి మెకానిక్‌ని పిలవాలా అనే వాదన అందరిళ్లలోనూ ఉండేదే. సముద్రం పక్కనున్న మన ఊళ్లో అది ఇంకాస్త ఎక్కువ. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఫ్లాట్లలో ఉండేవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ రేకులు పొడిపొడిగా రాలిపోతాయి, కిటికీ బోల్టులు బిగుసుకుపోతాయి, స్విచ్చుల లోపల రాగి ముక్కలకి పచ్చగా చిలుం పడుతుంది.

ఈమధ్య మా వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. కంపెనీ సర్వీసు నుంచి వచ్చినతను వెనక మూతైనా విప్పకుండా, బోర్డు పోయింది, మొత్తం మార్చాలన్నాడు. విజిటింగ్ చార్జీ తీసుకుని, వేలల్లో ఎస్టిమేట్ రాసిచ్చి వెళ్లాడు. తర్వాత మా వీధి చివర షాపు మెకానిక్‌ని పిలిచాం. ఆయన మూత తీసి, వైర్లు కలిసే చోట పట్టిన చిలుం చూపించాడు. ఇద్దరం వంగి చూస్తే స్పష్టంగా కనిపిస్తోంది. బ్రష్షుతో గీకి, కనెక్టర్ మార్చి, అడిగింది తీసుకుని వెళ్లాడు. మెషిన్ తిరుగుతోంది. ఆయనకి డబ్బులివ్వడానికి నాకు ఏమాత్రం బాధ అనిపించలేదు. మొదటి మనిషికి ఇచ్చిన విజిటింగ్ చార్జీకే కడుపు మండింది.

అందుకే నాకు అనిపించేది ఏమిటంటే, పని ఎవరు చేసినా ఫర్వాలేదు, లోపం ఎక్కడుందో చూసే పాటి తెలివిడి ఇంట్లోవాళ్లకి ఉండాలి. అది లేకపోతే ఎదుటివాళ్లు చెప్పిందే ధర, వాళ్లు అన్నదే జబ్బు.

కుళాయి కారుతోందనుకోండి. వాల్వు కట్టేసి, పిడి విప్పి, స్పిండిల్ బయటికి తీస్తే కింద అరిగిపోయిన రబ్బరు వాషరు కనబడుతుంది. దాన్ని పట్టుకెళ్లి హార్డ్‌వేర్ షాపులో చూపిస్తే అదే సైజుది ఇస్తారు. ఇది ఇంటర్ చదివే పిల్లలు చేయగలిగిన పని. దీని కోసం ప్లంబర్ ఎప్పుడొస్తాడా అని రెండు రోజులు బకెట్ పెట్టుకుని కూర్చుంటున్నాం.

అన్నీ మనమే చేసేయాలని మాత్రం నేను అనను. గ్యాస్, కరెంటు దగ్గర ధైర్యం పనికిరాదు. ఏసీలో కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్ అనే భాగం, స్విచ్ ఆపేశాక కూడా షాక్ కొట్టగలదు. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాసుకి మండే గుణం ఉంది. నాలుగో అంతస్తు గోడ మీద వేలాడే యూనిట్ పని తెలిసినవాళ్లదే. వంటగ్యాస్ లీకైతే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా నేర్చుకోవాల్సిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఊరు ఊరంతటికీ ఒకేసారి రిపేర్లు వచ్చి పడ్డాయి. అలాంటప్పుడు మెకానిక్‌లు ఎంతమందికని వెళ్లగలరు? తుపానులు మనకి కొత్త కాదు, ఇకముందూ వస్తాయి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు, అంటే కొన్న వస్తువుని మనమే గానీ మనకి నచ్చిన చోట గానీ బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు, వ్యవసాయ పనిముట్లు దాని కిందికి వస్తాయి. ఫోన్లు, ట్యాబ్లెట్లు ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చో కొనేటప్పుడే తెలిసేలా సూచిక పెట్టాలని 2025 మేలో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. మంచిదే. వాషింగ్ మెషిన్లకీ ఫ్రిజ్‌లకీ కూడా అలాంటిది రావాలి. అయితే మూత విప్పడానికే భయపడే మనిషికి ఆ హక్కు ఏం ఉపయోగం?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. పనిముట్లూ ఉన్నాయి, చెప్పేవాళ్లూ ఉన్నారు. నెలకో ఆదివారం పూట మామూలు జనానికి, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి క్లాసు పెట్టండి. వాషరు మార్చడం, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ ఎందుకు పడిపోతోందో గమనించడం, తుప్పు పట్టకుండా గ్రీజు రాయడం, మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేట్ చదవడం నేర్పండి. మన ఊరి మెకానిక్‌లనే పిలిచి, గౌరవంగా ఫీజు ఇచ్చి చెప్పించండి. వాళ్ల పొట్ట కొట్టినట్టు అవదు, నిజాయతీగా పని చేసేవాళ్లెవరో జనానికి తెలుస్తుంది. చోటు చాలకపోతే మన నగరపాలక సంస్థ జీవీఎంసీ తన కమ్యూనిటీ హాళ్లు ఇవ్వచ్చు.

కలెక్టర్ గారు, జీవీఎంసీ కమిషనర్ గారు ఈ వేసవి సెలవుల్లోనే ఒక్క క్లాసుతోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాను. పేరు రాయించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
ఒక గృహిణి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం