వార్షిక నివేదిక: బోదె పూడిక నుంచి సోనా ఈనిక దాకా

సభ్యులందరికీ నమస్కారం. కర్నూలు–కడప కాలువ కింద చివరి తూము పరిధిలో వరి పండించే మన రైతుల సంఘం ఈ ఏడాది చేసిన పనులను, చేయలేకపోయినవాటిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. జమాఖర్చుల పట్టికను విడిగా అతికించాము కాబట్టి ఈ కాగితాల్లో పంట సంగతులకే చోటిచ్చాము.

మన కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగుకూ పడవల రాకపోకలకూ కలిపి తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ తీర్పు దీనికి 39.9 టీఎంసీలు కేటాయించింది. కేటాయింపు ఎంతైనా, తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి బయల్దేరిన నీరు మన కయ్యలోకి ఏ తారీఖున చేరిందన్నదే వరికి లెక్క. ఈ ఏడాది అది మూడు వారాలు ఆలస్యంగా చేరింది, ఆ తప్పు సంఘానిదే. వేసవిలో తీయవలసిన బోదె (చేలకు నీరు తెచ్చే చిన్న కాలువ) పూడికను వాయిదా వేస్తూ పోయాము, పై తూముల కింద నాట్లు ముగిసే వేళకు మన బోదెలో తుంగ మోకాలెత్తు పెరిగి ఉంది.

ఆ మూడు వారాలు మన చేలను మూడు దారులు పట్టించాయి. బోరు నీటితో జూలైలోనే సోనా రకం వరి నారు పోసినవారికి అది మడిలోనే యాభై రోజులు దాటి ముదిరింది. అలాంటి నారు నాటేటప్పుడు కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, కుదుళ్ళను దగ్గర చేసి, నత్రజనిలో ఎక్కువ భాగం నాటే ముందు దమ్ము చేసేటప్పుడే వేయాలి. మామూలు పద్ధతిలో నాటినవారి చేలలో దుబ్బు కట్టలేదు, నాటిన మొక్కలే వెన్నులుగా మిగిలాయి.

రెండో దారి పట్టినవారు ముదురు నారును వదిలేసి, ఆగస్టు మధ్యలో మళ్ళీ సోనాయే పోశారు. మనం సోనా అనే బీపీటీ 5204 నూట యాభై రోజుల పంట. అంత ఆలస్యంగా పోస్తే అది పొట్టకొచ్చేసరికి, అంటే వెన్ను ఇంకా ఆకుల లోపలే ఉన్నప్పుడు, చలి రాత్రులు మొదలవుతాయి. పొట్ట దశలో రాత్రి వేడి 20 డిగ్రీల కంటే బాగా దిగితే పుప్పొడి సరిగా తయారుకాదు, వెన్ను పూర్తిగా బయటికి రాక ఆకుతొడిమలోనే సగం చిక్కుకుంటుంది. మన సభ్యుడి చేలో డిసెంబరులో అలాంటి వెన్నునొకదాన్ని ఒలిచి చూశాము. కింది గింజలన్నీ తెల్లని పొట్టే, గోటితో నొక్కితే పాలు లేవు. దానికి తోడు తెల్లవారుజాము మంచు, పచ్చగా ఉందని ఆశపడి వేసిన అదనపు యూరియా కలిసి మెడవిరుపు తెచ్చాయి, అంటే వెన్ను మెడకు అగ్గితెగులు సోకి విరిగింది. అగ్గితెగులుకు సోనా లొంగిపోతుందని అందరికీ తెలుసు, అయినా ధర కోసం దాన్ని వదలలేకపోతున్నాము. అందులో నివేదిక రాస్తున్న నేనూ ఉన్నాను.

మూడో దారి కొందరిది. వారు అదే ఆగస్టులో సోనా బదులు నెల్లూరు మసూరి, అంటే ఎన్ఎల్ఆర్ 34449 పోశారు. నూట ఇరవై, నూట పాతిక రోజుల పంట కావడం వల్ల అది నవంబరులోనే ఈని, చలి ముదరకముందే పాలు పోసుకుంది. బస్తాకు సోనా ధర పలకలేదు, కానీ గింజ గింజగా నిలిచింది.

దాళ్వా (రెండో పంట) వరి పెట్టే ఆలోచనలో ఉన్నవారు వేడి సంగతీ గమనించాలి. వరిపువ్వు ఉదయం పది గంటల ప్రాంతంలో విచ్చుకుని మధ్యాహ్నానికల్లా మూసుకుంటుంది. ఆ వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చి తాలు మిగులుతుంది. రాత్రి వేడి పెరిగినా నష్టమే. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కల ప్రకారం పొడికాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని 2004లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కాబట్టి దాళ్వా నారు ఆలస్యమైతే పెట్టకపోవడమే మేలని కార్యవర్గం అభిప్రాయం.

నీటి పొదుపు కోసం మూడు చేలలో చిల్లులు పెట్టిన పైపు ముక్కలు పాతాము. పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే తడి ఇవ్వాలి, ఈనిక సమయంలో మాత్రం మడి ఎండనీయరాదు. ఎర్రనేల చేలో ఇది హాయిగా సాగింది. నల్లరేగడిలో నెరియలు (పగుళ్ళు) విచ్చాక పెట్టిన తడి ఆ నెరియల్లోకే పోయింది, అందువల్ల రేగడి రైతులు నెరియ పట్టకముందే తడి పెట్టుకోవాలి. నాటిన మూడు వారాలకు ఆకులపై తుప్పు మచ్చలు చూసి తెగులు మందు కొట్టినవారు కొందరున్నారు. అది జింకు లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లితే సరిపోయేది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు తీర్మానాలు చేసింది. జూలై నెలాఖరుకు తూములో నీరు కనిపించకపోతే సంఘం ద్వారా సోనా విత్తనం తెప్పించకూడదు, తక్కువ రోజుల రకాలనే తెప్పించాలి. బోదె పూడిక పని మే నెలలో మొదటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు తూము దగ్గర మొదలవుతుంది, ఇంటికొకరు పారతో రావాలి.