పిల్లలకి ముందు ఎలుగుబంటి సినిమా చూపించు

హిల్స్‌బరో, ఒరెగాన్

ప్రియమైన అక్కకి,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో పిల్లలు లాగేసుకుంటారు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కార్టూన్లు వద్దు, నరుక్కోవడాలు వద్దు, అడవి జంతువులే హీరోలుగా ఉండే సినిమాలు చెప్పమన్నావు. బోలెడున్నాయి. కాకపోతే ఇలాంటి సినిమా పెట్టేముందు ఆ జంతువు ఎక్కడిది, షూటింగ్ అయ్యాక దాని గతేమైంది అని నేను ఒకసారి వాకబు చేస్తాను. సగం సినిమాలు అక్కడే జాబితాలోంచి ఎగిరిపోతాయి.

నిలిచిన వాటిలో మొదటిది ‘ద బేర్’. 1988లో ఫ్రెంచ్ దర్శకుడు జాన్ జాక్ అనో తీశాడు. కథ 1885లో కెనడా అడవుల్లో జరుగుతుంది, షూటింగ్ మాత్రం యూరప్‌లోని డోలమైట్ కొండల్లో చేశారు. తల్లి లేని ఎలుగు కూన, దెబ్బ తిన్న పెద్ద మగ ఎలుగు, వాటి వెంటపడే వేటగాళ్లు, అంతే కథ. మాటలు దాదాపు ఉండవు కాబట్టి ఇంగ్లీషు రాకపోయినా అమ్మ కూడా హాయిగా చూడొచ్చు. మొదట్లోనే తేనె కోసం తవ్వుతున్న తల్లి మీద బండలు దొర్లి పడతాయి. ఆ సీన్‌లో మీ చిన్నది ఏడుస్తుంది, నువ్వు పక్కన కూర్చో. చివర్లో ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి మీదికొస్తే కూన ప్రాణభయంతో అరుస్తుంది, ప్యూమా తోక ముడుస్తుంది. తన అరుపుకే అది జడిసిందనుకుంటుంది పాపం కూన, వెనకాల పెద్ద ఎలుగు లేచి నిలబడిందని దానికి తెలీదు. అక్కడ మీ పెద్దాడు సోఫా ఎక్కి గంతులేయకపోతే నన్నడుగు.

తర్ఫీదు ఇచ్చిన ఎలుగు అడవి జంతువెలా అవుతుందని బావ అడుగుతారు, నాకు తెలుసు. నిజమే. పెద్ద ఎలుగు వేషం వేసిన బార్ట్ 1977లో బాల్టిమోర్ జూలో పుట్టింది, యూటాలో ఒక ట్రైనర్ దగ్గర పెరిగింది. కొన్ని షాట్లలో మర ఎలుగుల్ని కూడా వాడారు. కనీసం ఈ సినిమా కోసం ఎవరూ దాన్ని అడవిలోంచి పట్టుకురాలేదు, నాకు అది చాలు. ఆ కథ మూలం రాసిన కర్వుడ్ ఒకప్పుడు వేటగాడేనట. ఎదురుపడిన ఎలుగు ఏమీ చేయకుండా వదిలేశాక తుపాకీ పక్కన పెట్టాడని చెబుతారు.

రెండోది ‘ఫ్రీ విల్లీ’, 1993 నాటిది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందులో నటించిన తిమింగలం మేముండే రాష్ట్రంలోనే రెండున్నరేళ్లకు పైగా ఉంది. సినిమాలో ఒక పిల్లవాడు తొట్టిలో బందీగా ఉన్న ఓర్కా తిమింగలాన్ని సముద్రంలోకి వదిలిస్తాడు. అది గోడ మీదుగా ఎగిరి వెళ్లిపోతుంటే మనం చప్పట్లు కొడతాం. కానీ ఆ వేషం వేసిన కేకో అప్పటికీ మెక్సికో సిటీలో ఒక చిన్న తొట్టిలోనే ఉంది. 1979లో ఐస్‌లాండ్ సముద్రంలో పిల్లగా ఉండగానే పట్టుకున్నారు దాన్ని. చల్లటి నీళ్ల జీవిని వెచ్చటి నీళ్లలో ఉంచితే ఏమవుతుంది? ఒంటి నిండా పుండ్లు, బక్కచిక్కిన ఒళ్లు. సినిమా చివర్లో తిమింగలాల్ని కాపాడమని ఒక ఫోన్ నంబరు వేశారు. చూసిన పిల్లలు, మరి విల్లీ సంగతేంటి అని అడగడం మొదలుపెట్టారు. కిడ్డీ బ్యాంకులు పగలగొట్టి డబ్బు పంపినవాళ్లున్నారు.

1996 జనవరిలో దాన్ని విమానంలో న్యూపోర్ట్ తీసుకొచ్చారు, మా ఊరినుంచి రెండున్నర గంటల ప్రయాణం. దానికోసమే ఒక పెద్ద సముద్రపు నీటి కొలను కట్టారు. ఒళ్లు చేసింది, పుండ్లు మానాయి. 1998లో మళ్లీ ఐస్‌లాండ్ తీసుకెళ్లి, సముద్రంలోనే వల కట్టిన చోట ఉంచి, చేపలు పట్టడం నేర్పించారు. 2002లో తనంతట తానే ఈదుకుంటూ నార్వే చేరింది. అక్కడేం చేసిందో తెలుసా? మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చింది! పిల్లలు దాని వీపెక్కి ఆడుకున్నారు. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. సొంత జాతి గుంపులో మాత్రం చివరిదాకా కలవలేకపోయింది.

ఒక్క జీవి కోసం అన్ని లక్షల డాలర్లా అని అప్పట్లో తిట్టినవాళ్లు చాలామందే. తిరిగి కలవలేనంతగా మనుషులకి అలవాటు చేశాక ఆ మాత్రం ఖర్చు మన బాధ్యతే అంటాను నేను. న్యూపోర్ట్‌లో ఆ కొలను ఇప్పటికీ ఉంది. మధ్యలోంచి గాజు సొరంగం వేశారు, నడుస్తుంటే తల మీంచి సొరచేపలు పోతుంటాయి. మీరంతా వచ్చినప్పుడు తీసుకెళ్తాను. సినిమా చూపించు గానీ, అయ్యాక కేకో కథ కూడా చెప్పు. పెద్దాడు తప్పకుండా అడుగుతాడు.

నిజమైన అడవి అని చెప్పి మోసం చేసినవీ ఉన్నాయి. 1958లో డిస్నీ వాళ్ల ఒక డాక్యుమెంటరీలో లెమ్మింగులనే ఎలుకల్లాంటి జీవులు గుంపుగా నీళ్లలోకి దూకి చచ్చిపోతాయి. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. అవి దూకలేదు, సినిమా వాళ్లే వేరే చోటునుంచి తెప్పించి నెట్టారని 1982లో కెనడా టీవీ వాళ్లు బయటపెట్టారు. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గ్రాఫిక్స్ సింహాలు చాలనుకుంటే 2019 ‘లయన్ కింగ్’ తెలుగులోనే ఉంది. సింబాకి నాని, పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ గొంతిచ్చారు. మొదట్లో వచ్చే సూర్యోదయం ఒక్కటే కెమెరాతో తీసిన షాటట, మిగతాదంతా కంప్యూటరే. ఏ సింహాన్నీ కష్టపెట్టలేదు, బాగుంది. మొహాల్లో ఒక్క భావమైనా పలకదు, అదే నా బాధ. బ్రహ్మానందం లేకపోతే నేను సగంలో లేచిపోయేదాన్ని.

పెంగ్విన్ల సినిమా మాత్రం మర్చిపోకు, ‘మార్చ్ ఆఫ్ ద పెంగ్విన్స్’, 2005. అంటార్కిటికా చలికాలంలో తండ్రి పెంగ్విన్లు రెండు నెలలకి పైగా తిండి లేకుండా, గుడ్డుని పాదాల మీద మోస్తూ నిలబడతాయి. ఇది బావకి చూపించు, ప్రత్యేకంగా! ఒక గుడ్డు మంచులోకి జారి గడ్డకట్టిపోయే చోట పిల్లల కళ్లు మూయకు. వాళ్లు మనమనుకున్నంత సున్నితం కాదు.

వరస కూడా చెబుతాను. ముందు ఎలుగుబంటి, తర్వాత పెంగ్విన్లు, కేకోది ఆఖరున, మర్నాడు బడి లేని రోజు చూసి పెట్టు. ఇక్కడ దొరికేవి అక్కడ ఏ యాప్‌లో వస్తాయో నీకే తెలియాలి. దొరక్కపోతే చెప్పు, వచ్చే నెల మా పక్కింటివాళ్లు కాకినాడ వస్తున్నారు, డీవీడీలు పంపుతాను. మీ పాత ప్లేయర్ పనిచేస్తోందో లేదో ముందు చూసి చెప్పు.

అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ చెల్లి