స్లాబుకు నీళ్ళు పట్టిన మేడం గారికి

ఆదివారం రాత్రి పదకొండయింది. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. రేపు పొద్దున లేస్తే మళ్ళీ ఇసుక, ఇటుక, ఇంజనీరు అంటూ పరుగే. అందుకే మాకు సాయపడిన హెడ్ కానిస్టేబుల్ మేడం గారికి థాంక్స్ చెబుతూ ఈ రాత్రికి రాసేస్తున్నా.

మాది మదనపల్లె. బెంగళూరొచ్చి పంతొమ్మిదేళ్ళు. ఊరికి తూర్పు చివర 20 బై 30 అడుగుల సైట్లో చిన్న ఇల్లు. పైన ఒక పోర్షన్ వేసి అద్దెకిస్తే పిల్లవాడి ఫీజుకు ఆసరా అవుతుందని మొదలుపెట్టాం. కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నది పదిన్నర లక్షలు. గోడలు లేచి, పోయిన ఆదివారం స్లాబు వేశారు. అప్పటికి ఆరు లక్షల ఎనభై ఐదు వేలు ఇచ్చేశాం. ప్లాస్టరింగు, కరెంటు, పైపులు, టైల్స్ ఏవీ కాలేదు. బుధవారం ఫోన్ చేసి ఇంకో లక్షన్నర వెయ్యమన్నాడు. వెయ్యకపోతే స్లాబు కింద ఆనించిన జాకీలు, షీట్లు పీక్కుపోతా, వేరే సైటుకు కావాలన్నాడు. స్లాబు వేసి మూడు రోజులే!

అదే రోజు సాయంత్రం స్టేషన్‌కి పోయాను. స్టేషన్ పేరు రాయను. బల్ల వెనకాల ఆయన నేను సగం చెప్పేసరికే "సివిల్ మ్యాటర్ మ్యాడం, కోర్టుకు హోగి (పొండి)" అన్నాడు. అర్జీ తీసుకోలేదు. తీసుకోనని రాసివ్వమంటే నవ్వాడు. నలభై నిమిషాలు బెంచీ మీద కూర్చుని వచ్చేశా.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి కాంట్రాక్టరు టెంపో, నలుగురు మనుషులతో దిగాడు. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. నేను మెట్లకు అడ్డంగా నిలబడ్డా. మాటా మాటా పెరిగింది. నన్ను పక్కకు నెట్టాడు, మోచెయ్యి గోడకు కొట్టుకుంది. నేనూ తక్కువ తినలేదు, నోటికొచ్చినన్ని తిట్టాను. వీధంతా పోగైంది. ఆరేడు ఫోన్లు వీడియో తీస్తున్నాయి గానీ ఒక్కరూ గేటు దాటి లోపలికి రాలేదు. చేతులు వణుకుతుంటే 112 నొక్కాను.

పావుగంటలో హొయసళ బండి (ఇక్కడి పోలీసుల గస్తీ బండి) వచ్చింది. ఇద్దరు దిగారు, ఒకాయన, ఒకామె. ఈ పోస్టు ఆమె కోసమే. హెడ్ కానిస్టేబుల్. పేరు తెలుసు కానీ రాయొద్దన్నారు, రాయను.

ఆమె అరవలేదు. లాఠీ బండిలోంచి తియ్యనే లేదు. "అందరూ మెట్లు దిగండి ముందు, మాట తర్వాత" అన్నారు. కాంట్రాక్టర్ని బండి దగ్గరికి పంపి రెండో ఆయన్ను పక్కన నిలబెట్టారు. నన్ను వంటింట్లోకి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. వాడు నాకు కనపడకుండా, నేను వాడికి కనపడకుండా. అంతే, సగం వేడి దిగిపోయింది.

నేను డబ్బు గురించి మొదలుపెట్టా. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "డబ్బు పక్కన పెట్టండమ్మా. ఈరోజు పొద్దున ఏం జరిగిందో అది చెప్పండి" అన్నారు. తెలుగులో! ములబాగిలు దగ్గర పల్లెలో వాళ్ళమ్మగారిల్లట. మా వైపు యాసే, మధ్యలో కన్నడం కలుస్తుంది. ఆ యాస వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆగేదాకా కూర్చున్నారు, గడియారం చూసుకోలేదు.

తర్వాత పైకి చూస్తానని మెట్లెక్కారు. వెనకే నేను. స్లాబు మీద వంగి అరచెయ్యి ఆనించి చూశారు. "ఎండిపోయి ఉండాదే. నీళ్ళు పట్టినారా?" అన్నారు. గురువారం నుంచి ఎవరూ పట్టలేదు. కూలీలను వాడు మాన్పించాడు, నేను గొడవ ధ్యాసలో పడి మర్చేపోయా. "గొడవ గొడవేనమ్మా, సిమెంటుకేం తెలుసు" అంటూ పక్కింటి గోడ మీదున్న పైపు అడిగి తీసుకుని, ప్యాంటు మడుచుకుని, యూనిఫాంలోనే స్లాబంతా తడిపారు. పది నిమిషాలు. కింద కాంట్రాక్టరు, జనం, బండి, అన్నీ ఎదురుచూస్తున్నాయి. తడుపుతూనే చెప్పారు, ఊళ్ళో వాళ్ళ ఇంటి స్లాబుకు మేస్త్రీ సరిగా నీళ్ళు పట్టించక చీలికలు వచ్చాయట, ఇప్పటికీ వానొస్తే గిన్నెలు పెడతారట. "మీరు తెలివితక్కువోళ్ళు కాదమ్మా, నాకూ అట్లే అయింది" అన్నారు. ఆరు లక్షల ఎనభై ఐదు వేలు చిత్తుకాగితం మీద కూడా సంతకం లేకుండా ఇచ్చానే అని బుధవారం నుంచి నన్ను నేనే తిట్టుకుంటున్నా. ఆ ఒక్క మాటతో ఎంత బరువు దిగిందో ఇంట్లోవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

కిందికి దిగాక ఆమె చేసిన పని ఇంకా గొప్పది. వాడు "మేడం, నా లక్షన్నర ఇప్పించండి" అన్నాడు. నేను "మేడం, నా డబ్బు వెనక్కి ఇప్పించండి" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆమె వాడి కాలర్ పట్టుకుంటే చూడాలనిపించింది. ఆమె ఇద్దరికీ ఒకే జవాబు: "డబ్బు ఇప్పించడం నా పని కాదు. ఈరోజు మీకు ఇప్పిస్తే రేపు ఇంకెవరో ఇంకెవరి దగ్గరో ఇప్పిస్తారు, అది స్టేషను కాదు, సంత." తర్వాత వాడి వైపు తిరిగి, "జాకీలు నీవే, కాదనను. కానీ పచ్చి స్లాబు కింద జాకీ లాగితే పైకప్పు నీ కూలోడి మీదే పడతాది. అప్పుడది సివిల్ కాదు" అన్నారు. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 290వ సెక్షన్ అట. ఇల్లు కట్టడంలో, కూల్చడంలో, రిపేర్లలో మనుషుల ప్రాణానికి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు గొడవ తనది కాదంటూనే, అందులో తనదైన ముక్క ఏదో చటుక్కున పట్టుకున్నారు. వాడు టెంపో వెనక్కి తిప్పాడు.

ఇంజనీరు సరే అనేదాకా జాకీలు ముట్టుకోనని వాడు, అదనపు రోజుల అద్దె నేనిస్తానని నేను కాగితం రాసుకున్నాం. ఆమె రాయించలేదు, సంతకమూ పెట్టలేదు. "మీ ఇద్దరి కాగితం, మీ ఇద్దరి దగ్గరే" అన్నారు. నన్ను నెట్టిన సంగతి మాత్రం స్టేషన్‌కి తీసుకెళ్ళి రాయించారు, ఎన్‌సీఆర్ (చిన్న నేరాల ఫిర్యాదు నమోదు) నంబరు చేతికిచ్చారు. అదే బల్ల, అదే మనిషి. బుధవారం కాని పని శుక్రవారం పది నిమిషాల్లో అయిపోయింది.

ఇక్కడ కొంచెం కడుపుమంట వెళ్ళగక్కుతా, క్షమించాలి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి కదా. పోలీసులు సొంతంగా దర్యాప్తు చెయ్యలేని చిన్న నేరమైనా సరే, చెప్పింది పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మనాలని అందులోనే ఉంది. రాసుకోకుండా పంపించెయ్యమని ఎక్కడా లేదు. పాత చట్టంలోనూ ఇదే ఉండేదట. మరి మంచి మనిషి డ్యూటీలో ఉన్న రోజు చూసుకుని మనం తన్నులు తినాలా? రెరా (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే సంస్థ) అడుగుదామంటే అది 500 చదరపు మీటర్లు దాటినవాటికి, ఎనిమిది ఫ్లాట్లు మించినవాటికీ. మాలాంటి 20 బై 30 వాళ్ళను అడిగే నాథుడు లేడు. మిగిలింది వినియోగదారుల కమిషన్. ఇల్లు కట్టడం కూడా సర్వీసే అట, ఇచ్చిన డబ్బు పది లక్షల లోపు కాబట్టి ఫీజు 200 రూపాయలు. వేస్తున్నాం. ఎన్నేళ్ళు పడుతుందో దేవుడికెరుక.

మా ఆయన, తమ్ముడు, మరదలు, అత్తయ్య అందరూ నిలబడ్డారు. వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంజనీరు బాబుకు థాంక్స్. మా చెల్లెలి స్నేహితురాలి కొడుకు. శనివారం హోస్కోట నుంచి బైకు మీద వచ్చి టేపు పెట్టి కొలిచాడు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు జాకీలు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు ఉంచాలట. మా హాలు పదహారడుగులు, అంటే పద్నాలుగే. శుక్రవారానికి ఐదు రోజులు. ఆ లెక్క చెప్తుంటే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. పైసా తీసుకోలేదు, రెండు ఇడ్లీ తిని పోయాడు.

అయ్యో, ఇంకొకరు. ఎదురింటి తమిళ తాతగారు. వీడియోలు తీసినవాళ్ళలో ఈయన లేరు, మా అత్తయ్యను లోపలికి తీసుకెళ్ళి బీపీ మాత్ర వేయించింది ఈయనే. ట్యాంకరు అబ్బాయి కూడా, శుక్రవారం సాయంత్రం డబ్బులు తర్వాత ఇవ్వక్కా అని నీళ్ళు దింపిపోయాడు.

పోస్టు చేసేముందు గుర్తొచ్చింది, ఇది రాయకపోతే అన్నం సహించదు. టెంపోలో వచ్చిన నలుగురిలో ఒక కుర్రాడు, రాయచూరు వైపు, తెలుగు వచ్చు. శుక్రవారం వాణ్ణి కూడా దొంగ అన్నాను. వాడికి రెండు వారాల కూలి రావాలట, నేను డబ్బులివ్వలేదు కాబట్టే రాలేదని కాంట్రాక్టరు చెప్పాడట. శనివారం పొద్దున ఆరింటికి ఒక్కడే వచ్చి, స్లాబు చుట్టూ మట్టి గట్లు కట్టి, గళ్ళు చేసి, నీళ్ళు నింపిపోయాడు. కూలి ఇవ్వబోతే ఒకరోజుదే తీసుకున్నాడు. మిగతాది కాంట్రాక్టర్నే అడుగుతాడట. వాడికి సారీ అని చెప్పాను కానీ గొంతు సరిగా పెగల్లేదు.

పక్కింటివాళ్ళ పైపు ఇంకా మా మేడ మీదే ఉంది. రేపు కొత్తది కొనుక్కొచ్చాక ఇచ్చేస్తా, ఏమీ అనుకోవద్దు పద్మక్కా.