కె.ఆర్. మార్కెట్‌లో పలకరించిన అక్కకు

అక్కా, పోయిన నెల బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో మల్లెమొగ్గలు కొంటుంటే మా అమ్మ తెలుగు విని పలకరించారు. బ్యాంకాక్ వెళ్తున్నామనగానే, "మాల్స్ ఎక్కడైనా ఉంటాయమ్మా, పాక్ ఖ్లాంగ్ తలాత్ చూడండి. పూలమార్కెట్. 24 గంటలూ ఉంటుంది గానీ రాత్రిపూట వెళ్ళండి" అన్నారు. సనామ్ చాయ్ మెట్రో స్టేషన్లో దిగమని చీటీ మీద రాసి మరీ ఇచ్చారు.

వెళ్ళాం. సంచుల నిండా బంతిపూలు, కట్టలుగా ఆర్కిడ్లు, తామరమొగ్గలు. ఒకావిడ పొడవాటి సూదికి మల్లెమొగ్గలు గుచ్చి, వాళ్ళు బుద్ధుడికి సమర్పించే 'పువాంగ్ మాలై' చేస్తోంది. మా అమ్మది కడియం, పూల మధ్యే పెరిగింది. పక్కనే కూర్చుని, సూది లేకుండా దారంతో మాల ఎలా కడతామో చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటసేపు లేవలేదు! తామర రేకులు మడవడం కూడా నేర్చుకుంది.

నాన్న పోయాక అమ్మ అంతలా నవ్వడం అదే మొదటిసారి.

మీ పేరు కూడా అడగలేదు. చాలా చాలా థాంక్స్ అక్కా. ఈ శుక్రవారం పొద్దున్నే అదే మల్లెపూల కొట్టు దగ్గరికి వస్తున్నాం, మీకోసం అమ్మ మడిచిన తామరలు పట్టుకుని.