డిజిటల్ లాకు కొనేవాళ్లకు ఒక వడ్రంగి మాట

సంపాదకులకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో మాది తాతల నాటి నుంచీ వడ్రంగమే. తాత బండి చక్రాలు చేశాడు, నాన్న ద్వారబంధాలు చేశాడు, నా వంతుకి అపార్టుమెంట్లలో నంబరు తాళాలు బిగించే పని వచ్చింది. పండగ ఆఫర్లు మొదలైతే చాలు, నా ఫోను మోగుతూనే ఉంటుంది. "మేస్త్రీ, ఆన్‌లైన్‌లో లాకు తెప్పించాం, సాయంత్రం వచ్చి పెట్టేస్తావా?" అంటారు. తలుపు మందమెంతండీ అని అడిగితే అవతలి నుంచి జవాబుండదు. లాకు ధర, రంగు, ఎన్ని వేలిముద్రలు పడతాయో అన్నీ తెలుసు. తలుపు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఈ లాకుల్లో ఎక్కువ రకాలు తలుపు మీద పైపైన బిగించేవి కావు. తలుపు అంచులో ఉలితో గూడు తొలిచి, అందులోకి ఇనప పెట్టె దించాలి. మా భాషలో దాన్ని మోర్టిస్ అంటాం. పెట్టె మందం 20 మిల్లీమీటర్లనుకోండి. చవక ఫ్లాట్లలో వచ్చే ఫ్లష్ డోరు 30 మిల్లీమీటర్లే ఉంటుంది. గూడు తీశాక అటు 5, ఇటు 5 మిగులుతాయి. అందులోనే మళ్లీ హ్యాండిలుకి, వైర్లకి కన్నాలు. దొంగకి ఇక నంబరుతో పనేముంది? రాడ్డు పెట్టి ఎగదన్నితే లాకు చెక్కుచెదరదు, దాని చుట్టూ ఉన్న చెక్క ఊడివస్తుంది. కనీసం 35 ఉంటేగానీ నేను ఉలి పట్టను. 40 మిల్లీమీటర్ల టేకు తలుపైతే నిశ్చింత. "వేరేవాళ్లు పెడతామన్నారు" అంటారు కొందరు. పెట్టించుకోండి బాబూ, నేను కాదన్నానా!

గుమ్మం సంగతీ అంతే. గడియ వెళ్లి దిగే రేకుకి కంపెనీ ఇచ్చే స్క్రూలు ఒక్కోసారి అరంగుళానికి మించవు. వాటిని పక్కనపెట్టి, కర్ర లోతుకి పట్టే రెండంగుళాలవి వేస్తాను. వాటికయ్యేది పాతిక రూపాయల లోపే. పది, పదిహేను వేలు పెట్టి లాకు కొన్నవాళ్లు ఆ పాతిక గురించి ఎన్నడూ అడగలేదు.

నంబరు తాళం మంచిదే, కాదనను. తాళంకప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని వీధంతా చాటినట్టే. నంబరు తాళంలో ఆ గుట్టు బయటపడదు. కానీ మనవాళ్లు ఏం చేస్తున్నారంటే, తలుపుకి డిజిటల్ లాకు పెట్టించి, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు బయటి గ్రిల్లుకి మళ్లీ అరచేతి మందం కప్ప వేసి వెళ్తున్నారు. ఇక పెట్టించిన సుఖమేమిటి? గ్రిల్లుకీ లోపలివైపు గడియ పడే తాళం పెట్టించుకోవచ్చు. ఊరెళ్లేటప్పుడు ఇంట్లో పోలీసులు కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) మన రాష్ట్రంలో వచ్చింది, అదీ వాడుకోండి.

వేలిముద్ర కన్నా నంబరే మేలని నా అభిప్రాయం. ఉలీ, ఎమరీ కాగితం పట్టీ పట్టీ అరిగిన నా వేళ్లని ఆ మిషను గుర్తుపట్టదు. రేషన్ డిపోలో వేలిముద్ర పడక తిప్పలు పడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అంట్లు తోమే చేతులకీ, పొలం పని చేసే చేతులకీ అంకెలే దిక్కు. అయితే ఆ అంకెల్ని కాపాడుకోవడం ఎవరికీ రావడం లేదు. కారు నంబరో, ఫ్లాటు నంబరో, పిల్లాడు పుట్టిన సంవత్సరమో పెడతారు. దానవాయిపేటలో ఒక మామ్మగారింట్లో, అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన లాకు బిగించాను. మళ్లీ వేరే పని మీద వెళ్తే, గుమ్మం పక్కన కరెంటు మీటరు డబ్బా మీద పెన్సిలుతో ఆ నంబరు రాసి ఉంది. "పనమ్మాయి మర్చిపోతోంది నాయనా" అన్నారావిడ. పనమ్మాయికి వేరే నంబరు ఇవ్వొచ్చు, మానేసినప్పుడు దాన్ని తీసేయొచ్చు. ఆ వీలు లాకులోనే ఉంది, ఆవిడకి చెప్పినవాళ్లు లేరు.

ఇంకొకటి కళ్లారా చూశాను. పండగ రోజున ముగ్గు వేసి వచ్చిన ఇల్లాలు పిండి చేత్తోనే మీటలు నొక్కారు. నల్లటి అద్దం మీద నాలుగు అంకెల దగ్గర తెల్లగా వేలి గుర్తులు! నాలుగంకెల నంబర్లు మొత్తం పదివేలు. ఏ నాలుగో తెలిసిపోతే మిగిలేవి 24 మాత్రమే. ఆరంకెలు పెట్టుకోండి, వారానికోసారి అద్దం తుడవండి. అసలు నంబరుకి ముందూ వెనకా ఏవో అంకెలు కలిపి నొక్కినా తెరుచుకునే రకాలూ ఉన్నాయి, కొనేటప్పుడు అడగండి. బిగించడం అయ్యాక 123456 లాంటి ఫ్యాక్టరీ నంబరును వెంటనే మార్చండి, నా ఎదురుగా మాత్రం వద్దు. నేను వరండాలోకి వెళ్లి నిలబడతాను. నిలబడని మేస్త్రి ఉంటే మీరే నిలబెట్టండి.

లోపలి నుంచి బయటికి రావడానికి నంబరు గానీ తాళంచెవి గానీ అడిగే లాకు అసలు కొనవద్దు. వంటింట్లో గ్యాసు అంటుకున్న వేళ అంకెలు ఎవరికి గుర్తొస్తాయి? బయటికి దారితీసే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా చెబుతోంది. హ్యాండిలు వంచగానే తలుపు రావాలి, అంతే.

బ్యాటరీల గురించి రెండు ముక్కలు. గోడ గడియారంలో వేసే చవక సెల్లు వేస్తే అవి కారి లోపలి బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆల్కలైన్ సెల్లే వేయండి. అయిపోయే ముందు లాకు కూత పెడుతుంది, దాన్ని బల్లి అరుపనుకుని వదిలేయకండి. పూర్తిగా ఆగిపోతే, చాలా రకాల్లో బయట అడుగుభాగాన ఉండే రెండు లోహపు చుక్కలకి 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఆనించి నంబరు కొట్టొచ్చు. కొత్త వాటికి పవర్‌బ్యాంకూ పనికొస్తుంది. ఇక అత్యవసర తాళంచెవి ఎక్కడ దాచారండీ అంటే, బీరువాలో అంటారు. బీరువా ఆ తలుపుకి లోపలే కదా! అక్కచెల్లెళ్ల ఇంట్లోనో, నమ్మకమైన పక్కింట్లోనో ఒకటి ఉంచండి.

ముసురు పట్టినప్పుడు తలుపు ఉబ్బి గడియ రంధ్రంలోకి దిగదు. మోటారు గింజుకుని కూతపెడుతుంది. లాకు పోయిందని కంపెనీకి ఫోను చేస్తారు. నాలుగు చిత్రికలు పడితే సరిపోయే పని అది.

మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఈ పెట్టెల్లో వచ్చే పుస్తకాల్లో నేను చూసినంతవరకు తెలుగు లేదు. నంబరు మార్చే పద్ధతి, తీసేసే పద్ధతి ఒక పేజీ తెలుగులో వేయడం కంపెనీలకు పెద్ద ఖర్చు కాదు. ఎంత మందం తలుపుకి పనికొస్తుందో పెట్టె పైనే, ధర పక్కన అచ్చువేయాలి. ఫ్లాటు బుక్ చేసేవాళ్లు కూడా మెయిన్ డోరు మందం ఎంతో అప్పుడే కాగితం మీద రాయించుకుంటే, తర్వాత తలుపు మార్చే ఖర్చు తప్పుతుంది.

ఇట్లు,
ఒక వడ్రంగి మేస్త్రి,
రాజమహేంద్రవరం