వడియాల మీద పడిన రాకెట్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన గురువారం మన ఎనిమిదో తరగతి పిల్లలు కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి ఎగరేసిన నీళ్ల రాకెట్ ప్రహరీ దాటి, వెనక వీధిలో ఒకరి మేడ మీద ఎండబెట్టిన వడియాల మీద పడింది. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపులో వేరే మాట లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేనే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ ఇంటి పెద్దావిడకు క్షమాపణ చెప్పాను. ఆవిడ పిల్లలకు మజ్జిగ ఇచ్చి పంపారు. ఇకమీదట గ్రౌండ్ నడిమధ్యన, సీసా నిటారుగా పెట్టి, సైన్స్ మాస్టారు దగ్గరుంటేనే ఎగరేస్తారు. అయితే ప్రయోగాలే ఆపేయమన్నవారికి నా జవాబు ఒక్కటే: ఆపను.

1926 మార్చి 16న అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో, రాబర్ట్ గొడార్డ్ ప్రపంచంలోనే మొదటి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేశారు. పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ పోసి వెలిగిస్తే అది ఎగిరింది రెండున్నర సెకన్లు. లేచిన ఎత్తు 41 అడుగులు. పోయి పడింది 184 అడుగుల దూరంలో, క్యాబేజీ తోటలో! చిన్నప్పుడు జబ్బులతో చదువులో వెనకబడి, 21 ఏళ్ళకు హైస్కూలు పూర్తిచేసిన మనిషి ఆయన. గాలి లేని చోట రాకెట్ పనిచేయదని, హైస్కూలు పిల్లలకు తెలిసినంత కూడా ఈయనకు తెలియదని 1920లో న్యూయార్క్ టైమ్స్ ఎగతాళి చేసింది. అప్పటికే ఆయన గాలి తీసేసిన గొట్టంలో రాకెట్‌ను మండించి, పనిచేస్తుందని చూసుకున్నారు. రాకెట్ వెనకున్న గాలిని తన్ని పైకి లేవదు. తనలోని వాయువును కిందికి చిమ్మి, ఆ ఎదురు తోపుతో లేస్తుంది. మన పిల్లల సీసా నీళ్లు చిమ్మి లేచినట్టే. 1929లో ఆయన రాకెట్ మోతకు విమానం కూలిందనుకుని ఊరివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. ఆ రాష్ట్రంలో ఇక ఎగరేయొద్దన్నారు. ఆయన మానలేదు, న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్‌కు మకాం మార్చారు. 1945లో పోయారు. ఆ పత్రిక తన తప్పును ఒప్పుకున్నది 1969 జూలై 17న, మనుషుల్ని తీసుకుని అపోలో 11 నౌక చంద్రుడి దారిలో ఉన్నప్పుడు. ఆయన చూడలేకపోయారు. ఈ మాట క్లాసులో చెప్పేటప్పుడు ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది. రాకెట్ వెళ్ళే రోజు మేడెక్కి తూర్పుకు చూసే ఊరు మనది. ఇక్కడి పిల్లలు చూడటంతోనే సరిపెట్టుకోవాలా?

ఎనిమిది బి అమ్మాయి నోట్‌బుక్ ఒకసారి స్కూలుకొచ్చి చూడండి. పదకొండు సార్లు ఎగరేసి, ప్రతిసారీ ఎన్ని నీళ్లు పోశారో, పంపు ఎన్నిసార్లు కొట్టారో, ఏది ఎందుకు చెడిందో రాసుకుంది. సీసాలో మూడో వంతు నీళ్లుంటే బాగా లేస్తుందని తనంతట తనే తేల్చింది. కార్కులోంచి గాలి కారిపోతుంటే, సైకిల్ షాపు నాన్నగారి దగ్గర పాత ట్యూబ్ వాల్వ్ అడిగి తెచ్చి బిగించిన అబ్బాయి చేతి పనితనం చూసి మా మాస్టారే ఆశ్చర్యపోయారు. వీళ్ళిద్దరూ నా స్కూలు పిల్లలని చెప్పుకోవడం నాకెంత గర్వమో!

మరోలా అనుకోకండి, ఒక మాట. పోయిన సైన్స్ ఫెయిర్‌కు తొమ్మిది అగ్నిపర్వతాలు వచ్చాయి. తొమ్మిదీ ఒకే షాపువి. చార్టుల మీద అక్షరాలు చాలావరకు అమ్మలవి. మీ ప్రేమ నాకు తెలుసు, కానీ మార్కు వేయాల్సింది పిల్లలకు కదా. రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ చేతిలో ఉంటే మొదటి పీరియడ్‌లో తూగక ఏం చేస్తారు? దయచేసి తొమ్మిదింటికి ఫోన్ తీసేసుకోండి.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, ఫీజు పదో తారీఖులోపు కట్టండి, బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి బస్సు అరగంట ముందే వస్తుంది.

వచ్చే శనివారం పొద్దున పదింటికి మళ్ళీ ఎగరేస్తున్నాం, తప్పకుండా రండి. వడియాల పెద్దావిడ కూడా వస్తామన్నారు. రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలుంటే పారేయకుండా పిల్లలతో పంపండి. మా దగ్గర మూడే మిగిలాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు