పంటు మీద దొరికిన చుక్క

రాజోలు,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం చేరి పది రోజులు దాటింది. జవాబు ఆలస్యం కావడానికి కారణం ఉంది. నీ వ్యాను ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్‌లో నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా తగ్గిపోతున్నాయని, మెకానిక్ ఇంజన్ హెడ్డు విప్పాలంటున్నాడని రాశావు. అదే జబ్బుతో మా జీపు నాలుగు నెలలుగా నాకు నిద్ర లేకుండా చేస్తోంది. సంగతి తేలాక రాద్దామని ఆగాను. మొన్న గురువారం తేలింది. నువ్వు మాత్రం హెడ్డు విప్పనివ్వకు. ముందు ఇదంతా చదువు.

జీపు నీకు గుర్తుండే ఉంటుంది. 1996లో నాన్న కొన్నది. డిగ్రీ పరీక్షలకు మనిద్దరినీ అమలాపురం తీసుకెళ్లి దించేవారు కదా, అదే. ఇప్పుడు కొబ్బరికాయల మోత, ఎరువుల బస్తాలు, అమ్మ అంతర్వేది ప్రయాణాలు, అన్నీ దాని మీదే. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక ఉదయం రేడియేటర్ మూత తీస్తే నీళ్లు వేలికి అందలేదు. నింపాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజుకి అర లీటరు మాయం. ఆ తర్వాత రెండు వారాలు గీత కూడా దిగలేదు. అస్తమానం కారే బండి అయితే కింద పడుకుని చూస్తే దొరుకుతుంది. ఇది కారినప్పుడు నేను ఉండను, నేను ఉన్నప్పుడు అది కారదు.

మొదట అందరూ చేసేదే చేశాను. రాత్రి పడుకునే ముందు బండి కింద పెద్ద అట్ట పరిచాను. పొద్దున్నే చూస్తే పొడిగా ఉంది. వారం రోజులూ అంతే. తర్వాత అమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి తెచ్చి హోస్ పైపుల చివర్ల మీద, క్లిప్పుల మీద, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం చుట్టూ పలుచగా చల్లాను. తడి తగిలితే పిండి ముద్దకట్టి దారి చూపిస్తుంది. పంపు లోపలి సీలు అరిగితే నీరు ఆ రంధ్రంలోంచే బయటికి వస్తుంది, అందుకే దాని మీద అంత అనుమానం. రావులపాలెం దాకా వెళ్లి వచ్చాను. పిండి పిండిలాగే ఉంది. మా జీపుకు ఇంజన్ నీళ్లతోనే పనిచేసే హీటరు లేదు కనుక ఆ వైపు వెతకాల్సిన పనే లేకపోయింది.

షెడ్డులో చూపిస్తే నీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు: "హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది, విప్పి చూద్దాం." నాకు ఎందుకో మనసొప్పలేదు. ఇంజన్ హెడ్డుకు, దాని కింది బ్లాకుకు మధ్య ఉండే పలుచని సీలే ఆ గ్యాస్కెట్. అది పోతే దాని గుర్తులు దానికి ఉంటాయి. చల్లని ఇంజన్‌కు మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిల్ పుల్ల మీద మజ్జిగలాంటి తెల్లటి నురుగు కనబడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లని ఆవిరి వస్తూనే ఉంటుంది. మూడూ చూశాను, ఒక్కటీ లేదు. ఈ గుర్తులు లేనంత మాత్రాన గ్యాస్కెట్ నూటికి నూరుపాళ్లు బాగున్నట్టు కాదు, నిజమే. కానీ అంత పెద్ద పని మొదటే పెట్టుకోవడం సరైనది కాదు. ఒకసారి హెడ్డు విప్పితే అవసరం లేని ఖర్చులు ఎన్ని తోడవుతాయో నీకూ తెలుసు.

ఇక మూత సంగతి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇక్కడే ఉంది. రేడియేటర్ మూత ఒట్టి మూత కాదు, స్ప్రింగు ఉన్న కవాటం. మా మూత మీద 0.9 అని అంకె ఉంది. అంటే లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోలు దాటేదాకా అది తెరుచుకోదు. ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా 100 డిగ్రీల దగ్గర మరగదు, దాదాపు 118 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. దాటితే అదనపు నీరు పక్కనున్న ప్లాస్టిక్ సీసాలోకి పోతుంది. ఇంజన్ చల్లారినప్పుడు మూత మధ్యలోని చిన్న కవాటం తెరుచుకుని ఆ నీటిని తిరిగి లాక్కుంటుంది. మా పాత మూత రబ్బరు చిట్లిపోయింది. అందుకే ఒత్తిడి నిలబడేది కాదు, సీసాలో నీళ్లూ వెనక్కి వచ్చేవి కావు. నేనేమో రోజూ సీసా చూసి, గీత దగ్గరే ఉందని ధైర్యంగా తిరిగాను. లోపల రేడియేటర్ ఖాళీ అవుతూనే ఉంది. నువ్వు సీసాను నమ్మకు రా. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి లోపల చూడు. వేడి మీద మాత్రం మూత జోలికి పోవద్దు, మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

కొత్త మూత వేశాను, అంతటితో పీడ వదిలిందనుకున్నాను. లీకు పెరిగింది! మూడు రోజులకే సీసా అడుగంటింది. ఆ రోజు నిరాశ పడ్డాను కానీ, రాత్రి పడుకున్నాక అర్థమైంది. పాత మూత బలహీనమైనది కనుక ఒత్తిడి పెరగనిచ్చేది కాదు, అసలు రంధ్రం మీద బలం పడేది కాదు. కొత్త మూత ఒత్తిడి నిలబెడుతోంది, రంధ్రం తెరుచుకుంటోంది. అంటే రంధ్రం ఇంకెక్కడో ఉంది. మర్నాడు మలికిపురంలో చేతిపంపు లాంటి ప్రెషర్ టెస్టర్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లాను. చల్లని ఇంజన్‌కు 0.9 దాకా గాలి కొట్టారు. పావుగంట చూశాం. ముల్లు కదలలేదు. "మీ బండికి లీకే లేదండీ" అన్నాడు ఆ కుర్రాడు. అతని తప్పేమీ లేదు, ముల్లు చెప్పిందే అతను చెప్పాడు.

మే నెల రెండో వారం. అమ్మను నరసాపురంలో మా చిన్నమ్మ ఇంటికి తీసుకెళ్లాలి. చించినాడ వంతెన మీదుగా పోవచ్చు కానీ, అమ్మకు పంటు మీద, అంటే బళ్లనూ మనుషులనూ ఏరు దాటించే బల్లకట్టు మీద, దాటడం ఇష్టం. సఖినేటిపల్లి రేవులో ఎండలో వరుసలో నిలబడ్డాం. ఇంజన్ ఆపకుండా అరగంట. తర్వాత మొదటి గేరులో గట్టు దిగి పంటు ఎక్కి, ఇంజన్ ఆపాను. మనది ఎత్తుపల్లాలు లేని నేల కనుక ఏడాది పొడుగునా ఇంజన్‌కు అంత శ్రమ ఉండదు. గోదావరి పాయ వశిష్ట సగం దాటామో లేదో, ఎడమ ముందు చక్రం వెనకాల పంటు ఇనుప రేకు మీద ఆకుపచ్చ చుక్క కనబడింది. రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంట్ రంగు అది. ఇంకో చుక్క. మరొకటి. వంగి చూస్తూ లెక్కపెట్టాను, ఇరవై దాకా పడ్డాయి. నరసాపురం ఒడ్డు చేరేసరికి ఆగిపోయాయి! అమ్మ ఏమైందని కంగారు పడింది. నాకైతే పట్టరాని ఆనందం.

ఎందుకలా జరిగిందో చెబుతాను. ఇంజన్ నడుస్తున్నంతసేపు పంపు నీటిని తిప్పుతూ ఉంటుంది, ఫ్యాను చల్లబరుస్తూ ఉంటుంది. ఇంజన్ ఆగిన క్షణం రెండూ ఆగిపోతాయి. కానీ ఇనుములో ఉన్న వేడి ఎక్కడికీ పోదు, కదలని నీటిలోకే దిగుతుంది. అందుకే ఆపిన తర్వాత మొదటి పది నిమిషాల్లో లోపల వేడి, ఒత్తిడి ఇంకా పెరుగుతాయి. మా బండి కారేది ఆ పది నిమిషాలే. ఇంట్లో అయితే బండి ఆపి, నేను స్నానానికి పోయేవాడిని. పడిన చుక్కలు వాకిట్లో ఇసుక తాగేసేది. అట్ట పరిచేది రెండు గంటల తర్వాత. చల్లని టెస్టులో ముల్లు ఎందుకు కదలలేదో కూడా అప్పుడే తెలిసింది.

మళ్లీ మలికిపురం వెళ్లాను. ఈసారి చల్లగా ఉన్నప్పుడే టెస్టర్ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, ముల్లు 0.9 దాటకుండా చూసుకుంటూ వేడెక్కనిచ్చి ఆపాం. ఐదు నిమిషాల్లో ముల్లు దిగడం మొదలైంది. టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఇంజన్ నుంచి వేడి పొగను పొగగొట్టంలోకి చేర్చే మ్యానిఫోల్డు వెనకాల చూస్తే, ఇంజన్ బ్లాకు పక్కన ఒక కోర్ ప్లగ్గు అంచున తెల్లగా, ఆకుపచ్చగా ఎండిన చార కనబడింది. బ్లాకు పోతపోసినప్పుడు లోపలి ఇసుకను తీయడానికి వదిలే గుండ్రని రంధ్రాలు ఉంటాయి. వాటికి బిగించే చిన్న గిన్నెలాంటి రేకు మూతలే కోర్ ప్లగ్గులు. అందులో ఒకటి లోపలి నుంచి తుప్పు తినేసి, సూది మొనంత రంధ్రం పడింది. చల్లగా ఉంటే తుప్పు రజను దాన్ని మూసేస్తుంది. బండి నడుస్తుంటే బయటికొచ్చిన తేమ మ్యానిఫోల్డు వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతుంది.

తుప్పు ఎక్కడిదో తెలుసా? మన నీళ్లదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మనకు కాలువ నీరే ఆధారం. వేసవిలో కాలువలు కట్టేస్తే మిగిలేది బోరు. సముద్రం దగ్గర కావడంతో మా బోరులో ఉప్పు. నాన్న ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లే బకెట్టుతో పోశారు. మా పరిస్థితుల్లో అప్పట్లో ఇంకేం పోస్తారు? నీరు ఆవిరై పోతుంది, ఉప్పు లోపలే ఉంటుంది. మళ్లీ పోసిన ప్రతిసారీ ఇంకొంచెం ఉప్పు చేరుతుంది. నేను రెండేళ్ల కింద తుప్పు పట్టనివ్వని కూలెంట్ పోసినా, అప్పటికే రేకు సగం పోయింది.

మ్యానిఫోల్డు విప్పి, ప్లగ్గు ఒక అంచున కొట్టి అడ్డం తిప్పి, పటకారుతో లాగారు. అగ్గిపెట్టె రేకంత పలుచగా అయిపోయింది. ఆ పక్క మిగిలినవీ తీయించి, అన్నింటికీ ఇత్తడివి వేయించాను. బ్లాకు అడుగున కుళాయి విప్పితే ఎర్రటి బురద దిగింది. నీళ్లు తేటపడేదాకా కడిగి, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోశాం. చిన్న మాట: కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, నాకితే మూత్రపిండాలు పోతాయి. మీ ఇంట్లో కుక్క ఉందిగా, చుక్క పడితే వెంటనే కడిగెయ్యి.

నువ్వు ఈ వారం చేయాల్సిన పని ఒకటే. బండిని బాగా వేడెక్కేలా నడిపి, గచ్చు మీద ఆపి, ముక్కాలిపీట వేసుకుని పక్కనే ఓ పావుగంట కూర్చో. మూత మీద అంకె ఎంతో, ఏ వైపు చుక్క పడిందో నాకు రాయి. అమ్మ నిన్ను అడిగింది. ఆగస్టు వరదలకు పంటు ఆగిపోకముందే వస్తే, ముగ్గురం జీపులో నరసాపురం వెళ్దాం.

నీ
మిత్రుడు